రెండున్నర నీడలు

హాజరు పట్టీలో ఆమెకు పొడవాటి హోదా ఒకటుంది. దాన్ని చివరిదాకా చదివినవాళ్లు లేరు. ఆఫీసుని నడిపే పెద్దావిడ దగ్గర్నుంచి గేటు దగ్గరి మనిషి దాకా అందరికీ ఆమె రాళ్లక్క.

పని కూడా పేరుకు తగ్గదే. అంగారకుడి మీద తిరిగే బండి రోజూ ఫొటోలు పంపుతుంది. అందులో ఏ రాయి ఎక్కడుందో, ఎంత ఎత్తుందో, ఇసుక ఎక్కడ పేరుకుందో చూసి, ఆఫీసు వెనకనున్న రేకుల షెడ్డులో అచ్చం అలాగే పేర్చిపెట్టాలి. ఆ షెడ్డు పేరు ఇసుకపెరడు. అందులో బండికి కవల ఒకటుంది. అక్కడ ఏ వస్తువైనా తేలిగ్గా తూగుతుంది కనుక కవలని లోపల గుల్లగా, తేలిగ్గా కట్టారు. దారి కష్టమైనదని తోచినప్పుడల్లా ముందు కవల ఇక్కడ నడిచి చూపించాలి. అది గట్టెక్కితేనే అక్కడి బండికి కబురు వెళ్తుంది. కబురు చేరడానికి పావుగంట పడుతుంది, ఒకసారి వెళ్లిందంటే ఇక వెనక్కి రమ్మనడం లేదు. బండి ఇసుకలో దిగబడితే తోసే నాథుడు అక్కడ లేడు.

పదకొండేళ్లుగా ఇదే పని చేస్తున్నా రాళ్లక్కకు ఒక వెలితి ఉండేది. ఫొటోలో రాయి ముందువైపు తప్ప కనిపించదు. వెనక ఏముందో ఆమెకి తెలియదు. అక్కడ తోచిన రాయేదో సర్దేసి, "వెనకంతా నా సొంత కవిత్వం" అని నవ్వేసేది. నవ్వేది కానీ, బస్సులో కూర్చున్నా, వంటింట్లో నిలబడ్డా ఆ వెనకవైపులే కళ్లముందు తిరిగేవి.

బండితో పాటు అక్కడికి పిట్ట కూడా వెళ్లింది. పిట్ట అంటే చిన్న హెలికాప్టరు. నెత్తిమీద పొడవాటి రెక్కలు రెండు జతలు, వాటిపైన ఎండని కరెంటు చేసే పలక, కింద నాలుగు సన్నకాళ్లు. బండి కన్నా ముందు ఎగిరి పైనుంచి దారి చూసి వస్తుంది. బండికి కాళ్లున్నాయి గానీ దూరం కనపడదు. పిట్టకి దూరం కనపడుతుంది గానీ గొంతు చిన్నది. అది చెప్పేదేదైనా బండి విని, బండే భూమికి చేరవెయ్యాలి. "వదినగారు దయతలిస్తేనే మరిదిగారి మాట బయటికొస్తుంది" అని పిట్ట వాళ్లు దెప్పేవారు. "మరిది ఊళ్లు తిరగడానికి వెళ్తే వదిన మోసుకు తిరగాలా?" అని బండి వాళ్లు అందుకునేవారు.

ఆ మరిదిగారు పదకొండు రోజుల కిందట ఒక రాతిగట్టు దాటి అవతలికి ఎగిరాడు. దిగుతూ తీసిన ఫొటోలు వచ్చాయి. నేలకి ఇంకా రెండు గజాలుండగా గొంతు తెగిపోయింది. అంతే, మళ్లీ పలుకు లేదు. గట్టు అడ్డం వచ్చి వినపడటం లేదా, పిట్ట పడిపోయిందా అన్నది ఎవరికీ తెలియదు. బతికుంటే మాత్రం రోజూ అక్కడి పదకొండు గంటలకి నిద్రలేచి, బండిని పిలిచి, జవాబు రాక మళ్లీ పడుకుంటూ ఉండాలి. పైగా అక్కడ దుమ్ము రోజులు మొదలయ్యాయి. పలక మీద ఎండ తగ్గుతోంది. ఇంకో ఏడు రోజులు దాటితే రాత్రి చలికి బ్యాటరీ చచ్చిపోతుందని లెక్క తేలింది.

గట్టు చుట్టి వెళ్తే పన్నెండు రోజులు. గట్టుకి మధ్యలో ఇసుక జారుడు ఒకటుంది, దాని మీదుగా ఎక్కితే రెండే రోజులు. అది ఎక్కగలదా లేదా అన్నదే తేలాలి. రాళ్లక్క మూడు రోజులు కూర్చుని షెడ్డులో ఆ జారుడు కట్టింది. సోమవారం పొద్దున కవల బండి దాన్ని అవలీలగా ఎక్కేసింది. చప్పట్లు మోగాయి. పిట్ట పని చూసే ఇంజనీరు, అందరూ పిట్టమ్మ అని పిలిచే ముప్పై రెండేళ్ల అమ్మాయి, పరుగున వచ్చి ఇసుక కొట్టుకున్న రాళ్లక్కని అలాగే వాటేసుకుంది.

"అక్కా, మీ చేతులకి బంగారు తొడుగు చేయించాలి."

"చేతికి తొడుగు వేస్తే రాళ్లెవరు మోస్తారు? వదులు ముందు, నీ జుట్టంతా ఇసుక."

సాయంత్రం అందరూ వెళ్లాక రాళ్లక్క కొలతల కోసం పాతిన కర్రమేకుల్ని ఒక్కొక్కటే పీకుతోంది. జారుడు అడుగున ఉన్న మేకు పీకింది. మేకు చేతిలోకి వచ్చింది. దాని గుంట మాత్రం అలాగే నిలబడి ఉంది.

ఆమె కదలకుండా ఆ గుంట వైపు చూసింది. ఎండు ఇసుకలో గుంట నిలవదు. మేకు పైకి వస్తుండగానే చుట్టూ ఉన్న ఇసుక జారి పూడిపోతుంది. వేలు పెట్టి చూసింది. పైన రెండంగుళాలు పొడి. కింద చల్లగా తగిలింది.

అప్పుడు గుర్తొచ్చింది. శనివారం బడిపిల్లలు షెడ్డు చూడటానికి వచ్చారు. అంతకుముందు వచ్చిన పిల్లలు దుమ్ముకి దగ్గుతూనే ఉన్నారని, ఈసారి వాళ్లు నడిచే బాట మీద తనే పైపుతో నీళ్లు చల్లింది. బాట మీదే, జారుడు మీద కాదు. కానీ బాట పక్కనే జారుడు. దీపపు వత్తి నూనెని పీల్చినట్టు ఇసుక అడుగునుంచి ఆ నీళ్లని పీల్చుకుంది. తడి ఇసుక గట్టిగా ఉంటుంది, చక్రాన్ని దిగనివ్వదు. ఆమె తల పైకెత్తింది. ఎదురుగా గోడ మీద, "షెడ్డులో నీళ్లు వాడరాదు" అని గుండ్రటి అక్షరాలు. ఆ రాత ఆమెదే.

రేపు పొద్దున ఆరింటికి బండికి కబురు వెళ్తుంది.

తడి కొంచెమేనేమో, పొడి ఇసుకలోనూ ఎక్కేదేమో అని ఒక ఆలోచన వచ్చి కాసేపు మనసులో తచ్చాడింది. రాళ్లక్క దాన్ని కూర్చోనివ్వలేదు. చీర కొంగుకి చేతులు తుడుచుకుని మేడ మెట్లెక్కింది.

బండి నడిపే గదిలో డ్రైవరుగారు, పిట్టమ్మ, పెద్దావిడ ముగ్గురూ ఉన్నారు. కోట్ల మైళ్ల దూరంలో బండి నడిపే డ్రైవరుగారికి ఇక్కడ స్కూటరు నడపడం కూడా రాదు. రోజూ భార్య వెనక కూర్చుని ఆఫీసుకి వస్తాడు.

"డ్రైవరుగారూ, పొద్దుటి పరీక్ష చెల్లదు."

"ఏం, కవల కాపీ కొట్టిందా?"

"కొట్టలేదు, నేనే కొట్టించాను." ఆమె జరిగింది చెప్పింది. బాట, పైపు, మేకు గుంట, అన్నీ.

డ్రైవరుగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "పదకొండేళ్లు మమ్మల్ని చెప్పులతో లోపలికి రానివ్వలేదు. టీ గ్లాసు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడితే కూడా కసురుకున్నారు. మీరు... పైపుతో నీళ్లు చల్లారా?"

"చల్లాను."

పిట్టమ్మ మెల్లిగా అడిగింది. "తడి ఎంత ఉంటుందక్కా? పరీక్ష తారుమారయ్యేంత ఉంటుందా?"

"తెలీదు. తెలీదనే పైకి వచ్చాను."

"ఒక రోజు పోతుంది."

"పోతుంది."

"మనకున్నవే ఏడు."

పిట్టమ్మ మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది. ఆ అమ్మాయి ఆరేళ్లు ఆ పిట్టతోనే బతికింది. రోజూ మధ్యాహ్నం రాళ్లక్క డబ్బాలోంచే తింటూ దాని కబుర్లే చెప్పేది. ఇవాళ రాళ్లక్కే దానికి అడ్డం పడ్డట్టయింది.

పెద్దావిడ మాటలు లెక్కపెట్టి వాడే మనిషి. "పొడి ఇసుక మార్చడానికి ఎంతసేపు?"

"గిడ్డంగిలో బస్తాలున్నాయి. మనుషుల్నిస్తే రేపు మధ్యాహ్నానికి మారుస్తాను."

"అందరం వస్తాం."

మర్నాడు అందరూ వచ్చారు. లెక్కలు కట్టేవాళ్లు, కంప్యూటర్లు చూసేవాళ్లు, పెద్దావిడ కూడా గమేళాలతో తడి ఇసుక బయటపోసి, పొడి ఇసుక లోపల పోశారు. "ఇన్ని చదువులు చదివి చివరికి ఇసుక మోస్తున్నాం" అని ఎవరో గొణిగితే, "చదివింది కాబట్టే గమేళా తిన్నగా పట్టుకున్నావు" అని ఇంకొకరు అన్నారు. పిట్టమ్మ అందరికన్నా రెండు గమేళాలు ఎక్కువే మోసింది.

మధ్యాహ్నం కవల మళ్లీ జారుడెక్కింది. సగం ఎత్తు దాకా బాగానే వెళ్లింది. అక్కడ ముందు చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి గానీ బండి మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. ఒక్కొక్క చుట్టుకీ ఇసుక తవ్వుకుంటూ ఇరుసు దాకా దిగిపోయింది. డ్రైవరుగారు ఆపెయ్యమన్నాడు. పొద్దున ఆరింటికి కబురు వెళ్లి ఉంటే ఈ పాటికి అక్కడి బండి కూడా ఇలాగే ఉండేదని అందరికీ ఒకేసారి తట్టింది.

"ఈ దారి మూసుకుపోయింది" అన్నాడు డ్రైవరుగారు. ఆ తరవాత రాళ్లక్క వైపు తిరిగి, "మీరు మెట్లెక్కి వచ్చినందుకు..." అని ఆగిపోయి, కళ్లజోడు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

పిట్టకి ఇక ఆరు రోజులు.

పిట్టమ్మ షెడ్డు మెట్టు మీద కూర్చుని ఉంటే రాళ్లక్క వెళ్లి పక్కన కూర్చుంది.

"కోపం వచ్చిందా నా మీద?"

"మీ మీద కాదు. ఎవరి మీద తెచ్చుకోవాలో తెలీక ఊరికే వచ్చిందక్కా."

"పిట్ట దిగేముందు తీసిన ఫొటోలు ఉన్నాయన్నావు. నాకెప్పుడూ చూపించలేదేం?"

"మీరు అడగలేదు. మీరు బండి ఫొటోలతోనే కడతారు కదా. ఇవి పైనుంచి తీసినవి, రాళ్ల నడినెత్తులు తప్ప ఏం కనిపించవు."

"నాకు నడినెత్తులే కావాలి. ఆ గట్టులో గోడలాంటి రాయి ఒకటుంది చూడు, జారుడుకి కుడిపక్క. దాన్ని పన్నెండు పెట్టెలు పేర్చి కట్టాను. దాని వెనక ఏముందో చూడాలని ఉంది."

"ఇప్పుడెందుకక్కా?"

"ఏమో. చూడాలని ఉంది, అంతే."

పిట్టమ్మ ఆమె మొహంలోకి ఓ క్షణం చూసి, లేచి వెళ్లి, పెద్ద కాగితాల మీద అచ్చువేసిన తొమ్మిది ఫొటోలు తెచ్చి చేతిలో పెట్టింది.

ఇంట్లో మంచం మీద దుప్పటి లాగి సరిచేసి, రాళ్లక్క ఆ తొమ్మిదీ వరసగా పరిచింది. పడమటి కిటికీలోంచి ఇంకా ఎండ వస్తోంది. అత్తగారు వచ్చి నడుం మీద చేయి వేసుకుని చూసింది.

"ఏమిటమ్మా ఇది, రొట్టె మాడినట్టుంది?"

"రాళ్లత్తయ్యా."

"పొద్దస్తమానం అక్కడ చూసింది చాల్లేదా? పక్క మీదికి కూడా తెచ్చావూ!" అంటూనే ఆవిడ మంచం అంచున కూర్చుంది. "ఇంతకీ అక్కడ నరమానవుడు లేడంటారు కదా. మరి ఆ రాళ్లు ఎలా ఉంటే ఎవరికి?"

"ఎవరూ చూడలేదు కాబట్టే చూడాలనిపిస్తుంది."

"నువ్వు చిన్నప్పుడు ఎవరిళ్లలో డబ్బాల మూతలు తీసేదానివో" అంది అత్తగారు, కానీ లేచి వెళ్లలేదు.

అయిదో ఫొటోలో గోడరాయి దొరికింది. రాళ్లక్క వంగి చూసి, కాగితాన్ని ఎండలోకి జరిపి, మళ్లీ చూసింది. అది ఒక రాయి కాదు, రెండు. తలుపు రెక్కలు రెండూ ఒకదాని వెనక ఒకటిగా నిలబెట్టినట్టు, ఒక రాయి కొస వెనక రాయి కొసని దాటుకుని ఉంది. ఎదురుగా నిలబడి చూసే బండికి అది మూసిన గోడ. పైనుంచి చూస్తే రెండింటి మధ్యా సందు ఉంది, ఏటవాలుగా గట్టు అవతలికి. సందు అడుగున బండపరుపు. ఇసుక లేదు.

ఆమె ఫోను తీసింది.

"ఆ సందా? మాకు తెలుసక్కా" అంది పిట్టమ్మ అలసిన గొంతుతో. "మొదటి రోజే కొలిచాం. ఏడడుగులు. బండి వెడల్పు తొమ్మిది."

"ఎలా కొలిచారు?"

"పిట్ట ఎంత ఎత్తులో ఉందో దాని కింద పరికరం చెబుతుంది. ఎత్తు తెలిస్తే ఫొటోలో ఏది ఎంతుందో లెక్క వచ్చేస్తుంది. ఏడేనక్కా. పడుకోండి."

రాళ్లక్క ఫోను పెట్టేసి మళ్లీ ఆ ఫొటో ముందే కూర్చుంది. ఏడడుగులా? పదకొండేళ్లు రాళ్లు కొలిచిన కళ్లకి అది ఏడుగా తోచలేదు. ఎందుకు తోచలేదో చెప్పమంటే చెప్పలేదు. సందు అడుగు సగం చీకట్లో ఉంది, సగం ఎండలో. ఆ ఎండ సగంలో, బండపరుపు మీద, చిన్న నల్లటి మరక ఒకటి కనిపించింది. మధ్యలో చుక్క, దాన్ని దాటుకుంటూ సన్నటి గీత.

పిట్ట నీడ.

పిట్ట ముందు రాయి మీదుగా ఎగురుతోంది, దాని నీడ పక్కకి వాలి సందులో పడింది. ఆ గీత రెక్క. రెక్క ఈ కొసనుంచి ఆ కొసకి నాలుగడుగులు, అది చిన్నపిల్లలకి కూడా చెప్పే లెక్క. రాళ్లక్క చీపురులోంచి ఒక పుల్ల విరిచి, గీత పొడవుకి సరిగ్గా తుంచింది. దాన్ని సందుకి అడ్డంగా పెట్టింది. ఒకటి. రెండు. ఇంకా చోటు మిగిలింది. సగం పుల్ల.

రెండున్నర నీడలు. పదడుగులు.

అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన భర్త గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. "చీపురు పుల్లలతో ఏంటి జ్యోతిష్యమా?" అన్నాడు. ఆమె గబగబా చెప్పింది. ఆయన విని పెదవి విరిచాడు.

"నీడని నమ్ముకుంటే అయినట్టే. పొద్దున ఒక పొడవు, మధ్యాహ్నం ఒక పొడవు. సాయంత్రం నా నీడ నా బస్సంత ఉంటుంది."

అది నిజమే. ఆమె ఉత్సాహం చప్పున చల్లారింది. లేచి అటూ ఇటూ తిరిగింది. బోర్లించి ఉన్న పళ్లెం ఒకటి తీసి, కిటికీ దగ్గరికి వెళ్లి, ఎండలో నిలువుగా పట్టుకుంది. నేల మీద నీడ గది అవతలి గోడ దాకా సాగింది. పళ్లేన్ని మెల్లగా పడుకోబెట్టినట్టు నేలకి సమంగా పట్టుకుంది. నీడ ముడుచుకుంటూ వచ్చి గుండ్రంగా నిలిచింది.

"అత్తయ్యా, ఇలా పట్టుకోండి. వంచకండి."

"నాకీ వయసులో ఈ ఆట ఒకటా" అంటూ అత్తగారు పళ్లెం పట్టుకుంది. రాళ్లక్క నేల మీద కూర్చుని టేపు పెట్టి నీడని కొలిచింది. లేచి పళ్లేన్ని కొలిచింది. రెండూ ఒకటే. పళ్లేన్ని పైకెత్తించి కొలిచింది, కిందికి దింపించి కొలిచింది. అంచులు కొంచెం మసకబారాయి తప్ప కొలత మారలేదు.

"నిలబడ్డదాని నీడ సాగుతుంది" అంది ఆమె. "పడుకున్నదాని నీడ సాగదు. పిట్ట రెక్కలు పడుకునే తిరుగుతాయి."

భర్త తల గోక్కున్నాడు. "మరి వాళ్ల పరికరం ఏడని ఎందుకు చెప్పింది?"

ఆమె మళ్లీ ఫోను చేసి నీడ లెక్క చెప్పింది. ఈసారి పిట్టమ్మ వైపునుంచి కాగితాలు తిప్పిన చప్పుడు, ఏవో మీటలు నొక్కిన చప్పుడు.

"అక్కా, ఫోను పెట్టకండి... ఆ క్షణంలో పరికరం కింద ఉన్నది రాయి. అది రాయి నెత్తినుంచి ఎత్తు చెప్పింది. రాయి పదడుగుల ఎత్తు. అంటే సందు అడుగు రాయి నెత్తికన్నా పదడుగులు కింద ఉంది. దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా ఉందనుకుని చిన్నదిగా లెక్కకట్టేశాం. అయ్యో! ఇంతమందిమి, ఒక్కళ్లకీ..." ఆ అమ్మాయి నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "పదే అక్కా. పదే వస్తోంది."

"తొమ్మిదడుగుల బండికి పదడుగుల సందు" అన్నాడు భర్త, అన్నం ముందు కూర్చుంటూ. "అటు ఆరంగుళాలు, ఇటు ఆరంగుళాలు. మా రూటులో అది రాజమార్గం. కానీ ఒకటి. సందులోకి దూరాక స్టీరింగు తిప్పకూడదు. తిప్పేదంతా బయటే తిప్పుకుని, తిన్నగా దూరాలి. లోపల తిప్పావంటే ముందు బాగానే ఉంటుంది, వెనక గీసుకుంటుంది. మీ డ్రైవరుకి చెప్పు."

మర్నాడు రాళ్లక్క పెట్టెలు, పలకలు, అసలు రాళ్లు కలిపి షెడ్డులో ఆ సందు కట్టింది. జీవితంలో మొదటిసారి రాతి వెనకవైపుని చూసి కట్టింది. డ్రైవరుగారు కవలని లోపలికి పంపి, మధ్యలో కొంచెం కుడికి తిప్పాడు. వెనక చక్రం రాయికి గీసుకుని కీచుమంది.

"మా ఆయన ఏమన్నారంటే..." అని ఆమె చెప్పింది.

"బస్సు డ్రైవరుగారి సలహా!" డ్రైవరుగారు నొసలు ముడిచాడు. మూడుసార్లు గీసుకున్నాక మాత్రం, "ఏమన్నారో ఇంకోసారి చెప్పండి" అన్నాడు. నాలుగోసారి కవల బయటే చక్కబడి, తలదువ్వుకున్న పాపిడిలా తిన్నగా వెళ్లి అవతల తేలింది.

పెద్దావిడ సందు రెండు కొసలా నడిచి వచ్చింది. "రాళ్లక్కా, మీకు తెలియనిదేమిటి ఇందులో?"

"సందు అడుగు సగం చీకట్లో ఉంది. అక్కడ ఏముందో ఫొటోలో లేదు. ఇక్కడ ఉత్తి పలక వేశాను. అది నా ఊహే."

"అయితే రేపు సందు గుమ్మం దాకా వెళ్దాం. బండి తన కళ్లతో లోపలికి చూస్తుంది. బావుంటే ఎల్లుండి దూరుతుంది. బాగోకపోతే అక్కడే ఆగిపోతుంది." ఆవిడ పిట్టమ్మ వైపు చూసింది. "ఆగితే మాత్రం పిట్టని వదులుకున్నట్టే. బండిని పణం పెట్టను."

"సరే మేడమ్" అంది పిట్టమ్మ.

బండి గుమ్మం దాకా వెళ్లింది. ఆ సాయంత్రం వచ్చిన ఫొటో చూడటానికి డ్రైవరుగారి కుర్చీ చుట్టూ మూగినవాళ్లలో రాళ్లక్క అందరికన్నా వెనక, మునికాళ్ల మీద నిలబడింది. చీకటి సగంలో బండపరుపే ఉంది. గోడ వారగా చేటెడు ఇసుక. మధ్యలో పిడికెడు రాళ్లు మూడు. బండికి రెండు కళ్లున్నాయి కనుక దూరాలు అదే కొలిచి పంపింది.

"పదడుగుల రెండంగుళాలు" అని చదివాడు డ్రైవరుగారు. "నీడ మీకు రెండంగుళాలు తక్కువ చెప్పిందక్కా."

"చీపురు పుల్ల కదా, అరిగి ఉంటుంది."

రెండో రోజు బండి సందులోకి దూరింది. లోపలున్నంతసేపూ ఇక్కడెవరూ కుదురుగా కూర్చోలేదు. మూడో రోజు అవతల తేలింది.

పిట్ట పిలిచే వేళ అయింది. అది పిలిచినా ఆ పిలుపు ఇక్కడికి రావడానికి పావుగంట. గదిలో గోడ గడియారం ఒకటి అక్కడి రోజు ప్రకారం నడుస్తుంది, మనదానికన్నా రోజుకి నలభై నిమిషాలు వెనకబడుతూ. అందులో పదకొండు దాటింది. పావు దాటింది. తెర మీద బండి తన సంగతులు తను చెబుతోంది. పిట్ట పేరుతో ఉన్న గడి ఖాళీ.

పదకొండున్నర.

"దాని గడియారం తప్పు నడుస్తూ ఉండొచ్చు" అంది పిట్టమ్మ, ఎవరూ అడక్కుండానే. "చలికి తప్పుతుంది. మేం చూశాం. తప్పడం మామూలే." మళ్లీ అదే మాట అంది. రాళ్లక్క ఆమె చేతిని తన చేతిలోకి తీసుకుంది.

పదకొండూ నలభై రెండుకి ఆ గడిలో ఒక్క వరస అంకెలు వచ్చి కూర్చున్నాయి.

పిట్టమ్మ ముందుకి వంగి, వేలుతో ఒక్కొక్క అంకె మీదా ఆనిస్తూ చదివింది. "బ్యాటరీ పదమూడు శాతం. గడియారం ఇరవై ఏడు నిమిషాలు ఆలస్యం. పలక మీద ఎండ తక్కువ... రెక్కలు నాలుగూ ఉన్నాయి. నాలుగూ ఉన్నాయి!" అప్పుడు మోగింది గది. డ్రైవరుగారు బల్ల మీద అరచేత్తో కొట్టి, "మరిదిగారు లేచాడు!" అన్నాడు. పెద్దావిడ మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, రెండు చేతులతో మొహం ఒక్కసారి తుడుచుకుంది.

పిట్టమ్మ ఇంకా చదువుతూనే ఉంది. చివరి అంకె దగ్గర ఆగింది.

"వాలు పద్నాలుగు డిగ్రీలు. పక్కకి ఒరిగి ఉందక్కా. ఒక కాలు దేనిమీదో ఎక్కి ఉంది. అందుకే ఎండ తక్కువ. ఇలా ఒరిగి ఉంటే ఎగరగలదో లేదో..."

"ఏ కాలు?" అంది రాళ్లక్క.

"కుడి వెనక కాలు అనుకుంటా."

"కింద రాయా, ఇసుక దిబ్బా?"

"ఫొటో వస్తేగానీ తెలీదు. ఇంకో గంట."

"గుండ్రటి రాయా, పలకరాయా? పలకైతే జారదు. గుండ్రటిదైతే రెక్క తిరగ్గానే దొర్లుతుంది." రాళ్లక్క అప్పటికే జేబు పుస్తకం తీసి పద్నాలుగు అని రాసుకుంది. "నీ దగ్గర పిట్టకి కూడా ఒక నమూనా ఉండాలి కదా?"

"అద్దాల బీరువాలో ఉంది."

"తాళం తీయించు. ఫొటో వచ్చేలోపు రెండు రకాలూ కట్టిపెడతాను."

పిట్టమ్మ కళ్లు తుడుచుకుంటూ తాళాల కోసం లేచింది. రాళ్లక్క ఆమెకన్నా ముందే మెట్లు దిగుతోంది.